మీసం చూసి రెక్స్, చెవి చూసి డంబో: మన ఎండకు తగ్గ పెంపుడు ఎలుకను ఎంచుకోవడం

మా నాన్న మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో గుమస్తా. అక్కడ ఎలుకలకు బోన్లు పెట్టించేది, మందు తెప్పించేది ఆయనే. ఆ ఇంటికి నేను హైదరాబాద్ నుంచి ఎలుకను కొనుక్కొచ్చాను. "మిల్లుల ఉన్నయి చాలవా బిడ్డా, పైసలు వెట్టి తెచ్చినవ్?" అన్నాడు.

600 రూపాయలు పెట్టాను మరి. భుజాల దగ్గర వెంట్రుకలు అక్కడక్కడ ఊడి ఉన్నాయి. "రెక్స్ అంటే ఇట్లనే ఉంటది మేడం" అన్నాడు అమ్మినతను. వారం తిరిగేసరికి మెడ మీద పొక్కులు, రాత్రంతా ఒకటే గోకుడు. బర్రెలను, మేకలను చూసే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, "మందు మోతాదుకు ముందు బరువు చెప్పమ్మా" అన్నారు. పక్కనున్న కిరాణా కొట్టు కాంటా మీద డబ్బాతో సహా పెట్టి, డబ్బా బరువు తీసేస్తే 180 గ్రాములు. అది రెక్సూ కాదు, గిక్సూ కాదు. ఒట్టి గజ్జి.

అందుకే కొనే ముందు మీసాలు చూడండి. రెక్స్ అంటే ఉంగరాల జుట్టు ఎలుక. దాని మీసాలు కూడా వంకర తిరిగి ఉంటాయి, ఇది పుట్టుకతోనే వస్తుంది. మీసాలు సూదుల్లా తిన్నగా ఉండి, ఒంటి మీద మాత్రం జుట్టు ఊడిందంటే అనుమానించాల్సిందే. వేలితో వెంట్రుకలు పక్కకు తీసి చర్మం చూడండి. పొక్కులు, గీరుకున్న గాట్లు ఉంటే అది జబ్బు. డబుల్ రెక్స్ అని ఇంకోటి ఉంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి రెక్స్ జన్యువులు వచ్చినది. దానికి నిజంగానే జుట్టు ఒకచోట ఊడి ఇంకోచోట మొలుస్తుంటుంది. అయినా దాని చర్మం నున్నగా ఉంటుంది, మీసాలు పొట్టిగా మెలికలు పడి ఉంటాయి.

చూసేటప్పుడు తోక పట్టి ఎత్తకండి, తోక చర్మం ఊడి చేతిలోకి వచ్చేయొచ్చు. ఒక అరచేయి ఛాతీ కింద, ఇంకోటి వెనక కాళ్ల కింద పెట్టి ఎత్తాలి.

తర్వాత చెవులు. మామూలు ఎలుక చెవులు నడినెత్తికి దగ్గరగా నిక్కి ఉంటాయి. డంబో చెవులు గుండ్రంగా, తలకు రెండు పక్కలా కిందికి దిగి ఉంటాయి. పెద్ద చెవులన్నీ డంబో కావు, చెవి ఎక్కడ మొలిచిందన్నదే లెక్క. ముందు నుంచి మొహం చూస్తే ఇట్టే తెలుస్తుంది. రెక్స్ లక్షణం ఒక్క వైపు నుంచి వచ్చినా బయటపడుతుంది. డంబో చెవి రావాలంటే తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ రావాలి.

రంగుల పేర్లు విని వేరే జాతులు అనుకోకండి, అన్నీ ఒకే జాతి ఎలుకలు. హుడెడ్ అంటే తల, భుజాలు ఒక రంగులో ఉండి, వీపు మీద అదే రంగు గీత దిగుతుంది. మన గొర్ల కాపరి గొంగడి కొప్పెర వేసుకున్నట్టు ఉంటుంది. బెర్క్‌షైర్‌కు పొట్ట తెలుపు. సయామీస్‌కు ముక్కు, తోక దగ్గర ముదురు రంగు. ఆ రంగు చల్లదనానికి తేలుతుంది, కాబట్టి మన ఎండాకాలంలో పలచబడితే కంగారు పడకండి. 1901లో ఇంగ్లండ్‌లోని ఐల్స్‌బరీలో ఎలుకలకు అందాల పోటీ పెట్టారట! మా నాన్నకు చెబితే నమ్మలేదు.

అసలు తేల్చుకోవాల్సింది రంగు కాదు, ఒళ్లు. మాంక్స్ అని తోక లేని రకం ఉంది. ముద్దుగా ఉంటుంది, నేను మాత్రం వద్దంటాను. ఎలుకకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. ఒంటి వేడిని వదులుకోవడానికి దానికి తోక బాగా పనికొస్తుంది. మే నెలలో మన దగ్గర 44 డిగ్రీలు, పైగా కరెంటు పోతుంది. తోక లేనిది ఏం తట్టుకుంటుంది? కొన్నింటికి వెన్నెముక బాధలు కూడా ఉంటాయి. బోడి ఎలుకకు, అంటే బొత్తిగా జుట్టు లేనిదానికి, చలికాలంలో ఇబ్బంది. ఒంట్లో వేడి నిలవదు కాబట్టి తిండి ఎక్కువ తింటుంది, గోరు తగిలినా గీరుకుపోతుంది. మొదటిసారి పెంచేవాళ్లు మామూలు జుట్టు, నిండు తోక ఉన్నదే తెచ్చుకోండి. చెవులు మీ ఇష్టం.

మా ఇంట్లో ఎండాకాలం ఒక మట్టి కుండను పక్కకు పడుకోబెట్టి, మీద తడిగుడ్డ కప్పుతాను. మధ్యాహ్నమంతా రెండూ దాంట్లోనే. రెండూ అన్నాను కదా, ఒంటరిగా ఎప్పుడూ పెంచకండి. ఒకే లింగానివి జత తెచ్చుకోండి. మగవి పెద్దగా, నిదానంగా ఉంటాయి, జుట్టు కాస్త జిడ్డు. ఆడవాటి జుట్టు మెత్తన, కుదురు మాత్రం సున్నా. కింద పరచడానికి మిల్లు ఊక ఫ్రీగా వస్తుంది కదా అని వేశాను. ఆ నుసికి రెండు రోజులు తుమ్ములే తుమ్ములు. ఇప్పుడు పాత నూలు చీరలే.

షాపులో ఆడా మగా ఒకే బోనులో ఉంటే ఇంకో చిక్కు. అయిదు వారాల వయసుకే వాటిని వేరు చేయాలి. కడుపుతో ఉంటే 21 నుంచి 23 రోజుల్లో ఈనుతుంది. రెండోసారి మీసాలు చూసి మరీ అసలైన రెక్స్‌ను తెచ్చాను, ఆ బోను సంగతి మాత్రం చూడలేదు. పదహారో రోజున తొమ్మిది పిల్లలు. కళ్లు తెరవకముందే, ఒంటి మీద నూగు కూడా రాకముందే, భూతద్దం పెట్టి చూశాం. అయిదింటికి మీసాలు వంకర, నాలుగింటికి తిన్నగా. భూతద్దం పట్టుకున్నది మా నాన్నే.