బోట్ ట్రైలర్‌కి ముందువైపు జాక్ (ట్రైలర్ ముక్కుని పైకి లేపి నిలబెట్టే, కింద చక్రం ఉండే స్టాండు) బిగించే ముందు

☐ బరువు: బోటు, ట్రైలర్, ఇంజిన్, నిండు ట్యాంకు కలిపి 3000 పౌండ్లు ఉంటే ట్రైలర్ ముక్కు (ట్రక్కుకి తగిలించే కొస) మీద పడేది సుమారు 200–300 పౌండ్లు. అయినా 1000 పౌండ్లు మోసే జాక్‌కి తగ్గొద్దు, చవగ్గా దొరికిందని చిన్నది కొనకండి.

☐ చోటు: బిగించే ముందు చేత్తో పట్టుకుని హ్యాండిల్ పూర్తిగా ఒక చుట్టు తిప్పి చూడండి, వించ్ (బోటుని ట్రైలర్ మీదికి లాగే చుట్టు యంత్రం) స్తంభానికి గానీ బోటు ముక్కుకి గానీ తగులుతుందా అని. ట్రక్కు వెనక తలుపు కూడా కిందికి దించి చూడండి. నేనిది చూడలేదు, మొదటి రోజే తలుపు హ్యాండిల్ మీద పడి సొట్ట పోయింది, మా ఆవిడ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.

☐ పక్కకి మడిచాక చక్రం నేలకి ఎంత ఎత్తులో ఉంది? బోటుని నీళ్లలోకి దించే ర్యాంప్ మొదట్లో గీసుకుపోయేది అదే.

☐ ట్రైలర్ కడ్డీ 3 అంగుళాలా, 4 అంగుళాలా కొలవండి. చిల్లులు పెట్టకండి, అక్కడే తుప్పు మొదలవుతుంది, కడ్డీ చుట్టూ ప్లేటుతో బిగించే రకం జాక్ వాడండి.

☐ ఉప్పునీళ్లయితే జింక్ పూత ఉన్న జాక్ తీసుకోండి.

☐ పాత జాక్ విప్పే ముందు చక్రాలకి అడ్డుదిమ్మలు, ట్రైలర్ ముక్కు కింద గట్టి స్టాండు పెట్టండి. పడవలో ఎవరూ ఉండకూడదు, పిల్లలు అసలే.