తోక ఊపిందని నమ్మకండి: స్లెడ్ పందేనికి ముందు జాగ్రత్తలు

కుక్కలు మంచు మీద స్లెడ్ బండిని లాగే ఇడిటరాడ్ పందెంలో 2024లో మూడు కుక్కలు చనిపోయాయి. మరుసటి ఏడాది ఇంకొకటి పోయింది. అలాస్కాలో ఏటా మార్చి మొదటి శనివారం మొదలయ్యే ఈ పందెంలో గమ్యమైన నోమ్ ఊరు చేరాలంటే దాదాపు 1,600 కిలోమీటర్లు. గొడ్డలి, పొయ్యి, వెచ్చని బట్టల గురించి మషర్లకు, అంటే బండి నడిపేవారికి, ఎవరూ చెప్పనక్కరలేదు. నేను చెప్పేది వేరే.

కుక్క ఉబలాటపడుతోంది కాబట్టి బాగానే ఉందనుకోవడం. కొంపలు ముంచేది ఇదే. పిల్లప్పటి నుంచి మీ చేతి ముద్ద తిని పెరిగిన కుక్క మీ గొంతు వినగానే లేచి నిలబడుతుంది. కాలు వాచినా, కడుపులో పుండున్నా నిలబడుతుంది. మీ మీద ప్రేమే దాని జబ్బును దాచేస్తుంది. "నా కుక్క సంగతి నాకు తెలియదా" అనేవారిని చూస్తేనే నాకు భయం.

తిండి: పందెంలో ఒక్కో కుక్కకు రోజుకు 10,000 కేలరీల దాకా కావాలి. గిన్నె పెట్టగానే వాసన చూసి ముఖం తిప్పేసిందా? తోక ఎంత ఊపినా సరే, దాన్ని బండికి కట్టకండి. నీళ్లలో మాంసం ముక్కలు వేసి గోరువెచ్చగా ఇవ్వండి, ఉత్త నీళ్లయితే సరిగా తాగవు.

పాదాలు: ఎక్కువసేపు ఆగినప్పుడల్లా కుక్కల కాళ్లకు తొడిగిన గుడ్డ బూట్లు విప్పండి. తడిసిన గుడ్డ గడ్డకడుతుంది, బిగిసిన పట్టీ రక్తాన్ని ఆపుతుంది. మీ చేతి తొడుగు తీసి, వేళ్ల సందులు తడిమి చూడండి.

అడుగడుక్కీ తల ఎగిరిపడుతుంటే ఆపండి. తాడు బిగువుగా ఉందని మోసపోకండి, కుంటుతూనే లాగే మొండిఘటాలుంటాయి. ఎండ కాస్తే పగలు పడుకోబెట్టి రాత్రి నడపండి. వాటికి సున్నా డిగ్రీలే ఉక్కపోత. దగ్గితే ఆగండి. వాంతి చేసుకుంటే ఆగండి, అది ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా. ముందు నడిచే కుక్కను మారుస్తూ ఉండండి. ముందు వాటికి గడ్డి పరచండి, తర్వాతే మీ టీ. రాత్రి తలదీపం ఆర్పకండి. 2016లో దారిలోని నులాటో ఊరి దగ్గర మంచు మీద నడిచే మోటారు వాహనం గుద్ది ఒక కుక్క చనిపోయింది. పశువైద్యులు వద్దంటే వాదించకండి.

16 కుక్కలతో బయలుదేరి అయిదింటితో చేరినా చాలు. మజిలీలో దించిన కుక్కను విమానంలో వెనక్కి చేరుస్తారు. ఇంకా మొహమాటం ఎందుకు? దించేయండి. ముందు బండి కనుచూపు మేరలో ఉన్నా దించేయండి. నోమ్‌కు ముందున్న వైట్ మౌంటెన్ మజిలీలో ఎనిమిది గంటలు తప్పనిసరిగా ఆగుతారు. "ఇంత దూరం వచ్చాం కదా" అనిపించేది అక్కడే. నోమ్ ఇంకా 120 కిలోమీటర్ల పైమాటే. అక్కడ కూడా, తినని కుక్కను కట్టకండి.