లేజర్ తో చిగుళ్ళు షేప్ చేయించుకోవాలంటే ముందు ఎముక సంగతి తేల్చుకోండి

నవ్వితే పళ్ళ కన్నా చిగుళ్ళే ఎక్కువ కనిపిస్తున్నాయి, పళ్ళు పొట్టిగా ఉన్నాయి అని లేజర్ చేయించుకుందాం అనుకునేవాళ్ళ కోసం రాస్తున్నా. ఎన్ని నిమిషాల్లో అయిపోతుంది, నొప్పి ఉంటుందా అనేవి తర్వాత, ముందు మీకు అలా ఎందుకు కనిపిస్తుందో తేల్చుకోండి. కొంతమందికి పన్ను పూర్తి సైజులోనే ఉంటుంది కానీ చిగురు పైకి జరగకుండా పన్నునే కప్పేసి ఉండిపోతుంది, వీళ్ళకి లేజర్ బాగా పనిచేస్తుంది. అదే పై దవడ ఎముకే పొడుగ్గా పెరిగినా, నవ్వినప్పుడు పై పెదవి మరీ పైకి లేచినా చిగురు కోసి పెద్ద లాభం ఉండదు, దానికి వేరే ట్రీట్మెంట్. ఫిట్స్ కి వాడే ఫెనిటోయిన్, బీపీకి వాడే ఆమ్లోడిపిన్ లాంటి మందుల వల్ల కూడా కొందరికి చిగుళ్ళు పెరుగుతాయి, అప్పుడు కోయించుకున్నా మళ్ళీ పెరగొచ్చు, అలాగని మందు మీ అంతట మీరే ఆపేయొద్దు, రాసిన డాక్టర్ తో మాట్లాడండి.

తర్వాత పళ్ళ గార తీయించుకోండి. వాచిన చిగుళ్ళు క్లీనింగ్ అయ్యాక కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి, కొలతలు ఏవైనా అప్పుడే తీసుకోవాలి.

ఇప్పుడు అసలు విషయం. చిగురు అంచుకీ లోపలి ఎముకకీ మధ్య సుమారు 3 మిల్లీమీటర్లు ఉండాలి. డాక్టర్ మత్తు ఇచ్చి సన్నటి ప్రోబ్ ని (కొలిచే పుల్లలాంటి పరికరం) ఎముక తగిలేదాకా దింపి కొలుస్తారు. 5 మిల్లీమీటర్లు వస్తే 2 దాకా తీయొచ్చు, 3 మాత్రమే వస్తే ఒట్టి చిగురు కోయడం కుదరదు, ఎముక కూడా కొంచెం తగ్గించాలి. ఇది చూడకుండా కోస్తే చిగురు మళ్ళీ కిందికి వచ్చేస్తుంది, లేదా ఎర్రగా వాచి అలాగే ఉండిపోతుంది. అందుకే "నాకు ఎముక ఎంత దూరంలో ఉంది" అని మొహమాటం లేకుండా అడగండి, కొలవకుండానే చేసేద్దాం అంటే ఇంకో డాక్టర్ ని చూసుకోండి.

కోసేముందు గీత గీస్తారు కదా, అప్పుడు లేచి కూర్చుని అద్దంలో నవ్వి చూసుకోండి, పడుకున్నప్పుడు పెదవి వేరేలా ఉంటుంది. గదిలో అందరికీ, మీతో సహా, ఆ లేజర్ కి సరిపోయే కళ్ళజోడు ఉండాలి. ఎక్కువగా వాడేది డయోడ్ లేజర్, దాని కాంతి తరంగదైర్ఘ్యం 810 నుంచి 980 నానోమీటర్ల మధ్య ఉంటుంది, చిగురులోని రంగూ రక్తమూ ఆ కాంతిని పీల్చుకుంటాయి కాబట్టి కోస్తూనే రక్తం ఆగిపోతుంది, చాలాసార్లు కుట్లు అక్కర్లేదు. కానీ ఒకేచోట ఎక్కువసేపు పెడితే వేడికి కింద ఎముక దెబ్బతింటుంది, చేసేవాళ్ళ అనుభవం అందుకే ముఖ్యం. రక్తం పలచబడే మందులు, షుగర్, ప్రెగ్నెన్సీ ఏదున్నా ముందే చెప్పేయండి.

ఇంటికొచ్చాక అంచు మీద తెల్లగా పసుపుగా పొర కడుతుంది, అది చీము అనుకుని గీకకండి, మానుతోందని అర్థం. కొన్ని రోజులు వేడివి, కారంగా ఉండేవి, గట్టివి వద్దు, సిగరెట్ అసలొద్దు. క్లోర్‌హెక్సిడిన్ తో పుక్కిలించమంటే చెప్పినన్ని రోజులే వాడండి, ఎక్కువైతే పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు పడతాయి. పైన మానడానికి ఒకట్రెండు వారాలు చాలు గానీ చిగురు అంచు కుదురుకోవడానికి నెలలు పడుతుంది, క్యాప్ లు, వెనీర్స్ (పళ్ళ ముందు అతికించే పలచటి పొరలు) వేయించుకునే ఆలోచన ఉంటే అప్పటిదాకా ఆగండి. గాజుగుడ్డతో నొక్కిపట్టినా రక్తం ఆగకపోతే, రోజురోజుకీ వాపు పెరుగుతుంటే మాత్రం ఆగొద్దు, ఆరోజే డాక్టర్ కి ఫోన్ చేయండి.