గల్ఫ్‌కు వెల్డర్ పనికి పోయే ముందు

ముందు పేరు సరిచూసుకోండి. ఐటీఐ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటే, అక్కడి ఆఫీసరుకు మీరు ఇద్దరు మనుషులు. సవరణకు నెలలు పడుతుంది కాబట్టి ఇదే మొదటి పని.

అసలు చిక్కు అనుభవం కాగితం దగ్గర. చిత్తూరులో మేస్త్రి కింద పదేళ్ళు గేట్లు, గ్రిల్లులు కొట్టినవాడి చేతిలో కాలిన మచ్చలే తప్ప కాగితం ఉండదు. షాపు లెటర్‌హెడ్ మీద ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, చేసింది ఆర్క్ వెల్డింగా టిగ్ వెల్డింగా, ఓనరు ఫోన్ నంబరు, సంతకం, సీలు ఉండాలి. "మంచివాడు, కష్టపడతాడు" అని రాయించుకుంటే పెళ్ళి సంబంధానికి పనికొస్తుంది, వీసాకు కాదు. జీతం బ్యాంకులో పడుంటే ఆ స్టేట్‌మెంటూ తీయండి.

దుబాయ్‌కి అపోస్టిల్ (సర్టిఫికెట్ అసలైనదేనని మన విదేశాంగ శాఖ వేసే ముద్ర) చాలదు. దుబాయ్ ఉన్న యూఏఈ దేశం అపోస్టిల్‌ను ఒప్పుకునే ఒప్పందంలో లేదు, యూఏఈ ఎంబసీ అటెస్టేషన్ (ధ్రువీకరణ ముద్ర) కావాలి. సౌదీకి 2022 డిసెంబర్ నుంచి అపోస్టిల్ నడుస్తుంది, కానీ వెల్డర్లకు స్కిల్ టెస్టు ఉంటుంది.

పోలీస్ క్లియరెన్స్ (కేసులేమీ లేవనే కాగితం) తిరుపతి పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో.

ఏజెంటు లైసెన్స్ ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్లో చూడండి. చట్టం ప్రకారం ఫీజు 30,000 రూపాయలు, పైన జీఎస్టీ, అంతే. లక్షన్నర అడిగేవాడు మావయ్య వరసైనా సరే, రసీదు అడగండి. విజిట్ వీసా (చూసి రావడానికే, పనికి కాదు) మీద విమానం ఎక్కమంటే ఎక్కొద్దు.

అటెస్టేషన్‌కు, వీసాకు తప్ప ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వకండి. స్కాన్ కాపీలు ఇంట్లో ఒకరి ఫోన్లో ఉంచండి.