దూరపు అభిమాని లెక్క – మూడో పాఠం: క్లబ్ సభ్యత్వం కట్టాలా, వద్దా?

మొదటి పాఠంలో జట్టు మీద ఏడాదికి ఎంత ఖర్చవుతోందో రాసుకున్నాం. రెండో పాఠంలో మ్యాచ్‌లు చూడడానికి కట్టే చందాల్లో ఏది వాడుతున్నామో, ఏది ఊరికే పోతోందో తేల్చుకున్నాం. ఇప్పుడు చాలామంది ఎదురుచూస్తున్న ప్రశ్న. స్టేడియానికి వేల మైళ్ల దూరంలో ఉండి, అర్ధరాత్రి అలారం పెట్టుకుని లేచి మ్యాచ్ చూసే మనిషికి క్లబ్ సభ్యత్వం వల్ల ఒరిగేదేమైనా ఉందా?

ఈ పాఠానికి ఒక కాగితం కావాలి. మీ క్లబ్ సభ్యత్వ పేజీ తెరిచి పెట్టుకోండి. దానితో పాటు నిబంధనల పేజీ కూడా. మొదటి పేజీలో ఆటగాళ్ల ఫొటోలుంటాయి. మనకు పని రెండో దానితోనే.

ముందు తేల్చుకోవాల్సింది

సభ్యత్వాలు అన్నీ ఒకటి కావు. స్పెయిన్‌లోని రియల్ మాడ్రిడ్, బార్సిలోనా లాంటి ఫుట్‌బాల్ క్లబ్బులకు సభ్యులే యజమానులు. అధ్యక్షుణ్ని ఎన్నుకునేది వాళ్లే. స్పానిష్‌లో వాళ్లను సోసియోలు అంటారు. జర్మనీలో 1998 నుంచి ‘50+1’ నియమం ఉంది. క్లబ్ వ్యాపారం కంపెనీ చేతికి వెళ్లినా, ఓటింగ్ హక్కుల్లో సగానికి మించిన భాగం సభ్యుల సంఘం దగ్గరే ఉండాలని దాని అర్థం. బయెర్న్ మ్యూనిక్‌లో సభ్యుడంటే ఆ సంఘంలో భాగం.

ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్, ఆర్సెనల్ సంగతి వేరు. వాటికి యజమానులు వేరే ఉన్నారు. అక్కడ మనం కట్టే ఫీజుతో వచ్చేది ఒక సర్వీసు. టికెట్ల అమ్మకంలో బయటివాళ్లకంటే ముందు వరసలో నిలబడే వీలు, కొన్ని డిస్కౌంట్లు, మరికొంత సరంజామా. ఇందులో తప్పేమీ లేదు, కానీ దాన్ని యాజమాన్యం అనుకుని కట్టకూడదు. ఒకే క్లబ్‌లో రెండు రకాలూ ఉండొచ్చు. రియల్ మాడ్రిడ్‌లో సోసియో వేరు, ప్రపంచంలో ఎవరైనా తీసుకోగల మాడ్రిడిస్టా కార్డు వేరు. రెండోదానికి ఓటు లేదు.

కాగితం మీద పైన రాయండి: నేను కట్టబోయేది యజమానిగానా, కస్టమర్‌గానా? నిబంధనల్లో ఓటు, సర్వసభ్య సమావేశం ప్రస్తావన లేకపోతే మీరు కస్టమరే.

టికెట్ లెక్క

దూరపు అభిమాని సభ్యత్వం తీసుకోవడానికి అసలు కారణం తొంభై పాళ్లు ఇదే: ఎప్పటికైనా ఒక్కసారి వెళ్లి స్టేడియంలో కూర్చోవాలి. అందుకే ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

పెద్ద క్లబ్బుల నిబంధనల్లో దాదాపు తప్పనిసరిగా కనిపించే వాక్యం ఒకటుంది: సభ్యత్వం టికెట్‌కు హామీ కాదు. దొరికేది టికెట్‌కు దరఖాస్తు పెట్టుకునే అవకాశం మాత్రమే. చాలా క్లబ్బుల్లో సభ్యుల టికెట్లు లాటరీ పద్ధతిలో పోతాయి. దాన్ని బ్యాలట్ అంటారు. ఆర్సెనల్ 2023-24 సీజన్‌తో ఆ పద్ధతికి మారింది. లివర్‌పూల్‌లో సగం సీజన్ మ్యాచ్‌లన్నిటికీ బ్యాలట్ నమోదు ముందే జరిగిపోతుంది. అంటే ప్రయాణానికి నెల ముందు సభ్యత్వం తీసుకుంటే ఆ బ్యాలట్ అప్పటికే ముగిసిపోయి ఉంటుంది. మీ క్లబ్‌లో నమోదు ఏ తేదీన ముగుస్తుందో కాగితం మీద ఎర్ర ఇంకుతో రాసుకోండి. ఫీజు ఎంతో తెలుసుకోవడం కంటే ఆ తేదీ తెలుసుకోవడం ముఖ్యం.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఏ దేశపు డబ్బయినా ఒకటే కాబట్టి అంకెలు ఊహించుకుని వేస్తున్నాను. మనిషికి సభ్యత్వం 40, సభ్యుల టికెట్ 60. సభ్యత్వం లేకుండా క్లబ్ దగ్గరే నేరుగా కొనగలిగేది భోజనంతో కలిపి అమ్మే హాస్పిటాలిటీ సీటు, అది 300. వెళ్లేది ఇద్దరు. సాధారణంగా ఒక్కో టికెట్‌కు ఒక్కో సభ్యత్వం కావాలి, ఒకరి సభ్యత్వం మీద ఇద్దరికి టికెట్ రాదు. చాలామంది లెక్క తప్పేది ఇక్కడే.

బ్యాలట్ తగిలితే: సభ్యత్వాలు 80, టికెట్లు 120, మొత్తం 200. హాస్పిటాలిటీకైతే 600. మిగిలింది 400.
బ్యాలట్ తగలకపోతే: సభ్యత్వాలు 80 పోయాయి. మ్యాచ్ చూసి తీరాలంటే 600 కూడా పెట్టాలి. మొత్తం 680.

80 పోగొట్టుకోవడానికి సిద్ధపడి 400 మిగుల్చుకునే ప్రయత్నం ఇది. ఆరుసార్లలో ఒక్కసారి తగిలినా ఫీజు తిరిగొచ్చినట్టే: ఒకసారి మిగిలే 400, ఐదుసార్లు పోయే 80లకు సరిపోతుంది. అంతకంటే మెరుగైన అవకాశం ఉంటే కట్టడం లాభం. పెద్ద జట్టుతో మ్యాచ్ కాకుండా పట్టిక దిగువన ఉన్న జట్టుతో వారం మధ్యలో జరిగే మ్యాచ్‌కు పెట్టుకుంటే అవకాశం పెరుగుతుంది. ఒకే మ్యాచ్‌కు కాకుండా మీరు అక్కడ ఉండే రోజుల్లో జరిగే అన్ని హోమ్ మ్యాచ్‌లకూ పెట్టుకోండి. సీజన్ టికెట్ ఉన్నవాళ్లు రాలేని రోజు తమ సీటును క్లబ్ ద్వారానే తిరిగి అమ్మే ఏర్పాటు కూడా చాలా చోట్ల ఉంది. మ్యాచ్ దగ్గరపడే కొద్దీ అందులో సీట్లు పడుతుంటాయి. ఓపిక ఉన్నవాళ్లకు బ్యాలట్ కంటే అదే నయం.

మీ క్లబ్ అంకెలు వేసి ఇదే లెక్క చేయండి. ఫలితం నా దానిలా రావాలని లేదు. హాస్పిటాలిటీ ధరకూ మామూలు టికెట్ ధరకూ పెద్ద తేడా లేని క్లబ్, లేదా ఎవరికైనా నేరుగా టికెట్ అమ్మే చిన్న క్లబ్ అయితే సభ్యత్వం అక్కర్లేదని తేలిపోతుంది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో శనివారం అని ప్రకటించిన మ్యాచ్ టీవీ కోసం ఆదివారానికో సోమవారానికో మారడం మామూలే. విమానం టికెట్ శనివారం రాత్రికి తీస్తే మ్యాచ్ టికెట్ చేతిలో ఉండి కూడా తిరిగి వచ్చేయాల్సి వస్తుంది. ఇంతకంటే బాధ ఉండదు. అటొక రోజు, ఇటు రెండు రోజులు ఖాళీ పెట్టుకోండి. రెండోది, బ్లాక్‌లో కొనవద్దు. ఇంగ్లండ్, వేల్స్‌లో అనుమతి లేకుండా ఫుట్‌బాల్ టికెట్ అమ్మడం 1994 చట్టం ప్రకారం నేరం. వేరేవాళ్ల దగ్గర అద్దెకు తీసుకున్న సభ్యత్వ కార్డుతో గేటు దాకా వెళ్తే లోపలికి పోనివ్వకపోవచ్చు. మీరు పెట్టిన డబ్బు ఎవరూ తిరిగివ్వరు.

జట్టే మీ దగ్గరికి వస్తుందా?

దూరాన్ని స్టేడియం నుంచి కొలవడం అలవాటు. మ్యాచ్‌లు జరిగే చోటు నుంచి కొలవాలి. ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్‌లో దీనికి మంచి ఉదాహరణ ఉంది. సౌత్ మెల్‌బోర్న్ క్లబ్ 1982లో సిడ్నీకి తరలిపోయింది, అదే ఇప్పటి సిడ్నీ స్వాన్స్. 1996 సీజన్ ముగిశాక మెల్‌బోర్న్‌లోని మరో క్లబ్ ఫిట్జ్‌రాయ్, బ్రిస్బేన్ క్లబ్‌తో కలిసిపోయింది. ఆ అభిమానులు ఎక్కడికీ కదల్లేదు, దూరం వాళ్ల మీదికి వచ్చిపడింది. అయితే లీగ్‌లో సగం క్లబ్బులు మెల్‌బోర్న్, ఆ చుట్టుపక్కలవే కాబట్టి ఆ జట్లు ఏటా చాలాసార్లు అక్కడికి వచ్చి ఆడతాయి. అందుకే అక్కడ ఆడే మ్యాచ్‌లకే పనికొచ్చే సభ్యత్వాలు పెట్టారు. మీ జట్టు కూడా మీకు దగ్గర్లో ఏటా ఆడుతుంటే పూర్తి సభ్యత్వం జోలికి పోకుండా ఇలాంటిది ఉందేమో వెతకండి.

కానుకల పెట్టె, ఛానెల్

వీటి మీద ఎక్కువ సమయం పెట్టను. బ్యాడ్జి, మెడ తాడు, స్కార్ఫ్, కార్డు ఉన్న పెట్టె ముచ్చటగానే ఉంటుంది. కానీ దూరదేశానికి పంపే ఖర్చు, ఒక్కోసారి కస్టమ్స్ సుంకం కలిపి చూడండి. పెట్టె లేకుండా ఫోన్‌లో కార్డు ఇచ్చే చవక రకం ఉంటే అదే తీసుకోండి.

క్లబ్ ఛానెల్ గురించి ఒక్క మాట. ప్రీమియర్ లీగ్ ప్రసార హక్కులు లీగ్ అంతా కలిపి అమ్ముతుంది. క్లబ్ సభ్యత్వం కట్టినంత మాత్రాన ఆ మ్యాచ్‌లు లైవ్‌లో రావు. ఇంటర్వ్యూలు, పాత మ్యాచ్‌లు, యువజట్ల ఆటలు వస్తాయి. నాకు యువజట్ల ఆట చూడడం ఇష్టం, పదిహేడేళ్ల కుర్రాడు మూడేళ్ల తర్వాత పెద్ద జట్టులోకి వస్తే కలిగే సంతోషం వేరు. మీకు అది అక్కర్లేకపోతే ఈ వరసలో సున్నా వేయండి.

ఓటు మీ చేతికి అందుతుందా?

యజమాని సభ్యత్వమైతే ఇక్కడ ఆగి చూడాలి. హక్కు ఉండడం ఒకటి, దూరం నుంచి వాడగలగడం ఒకటి. బార్సిలోనాలో 2021 మార్చి 7న జరిగిన ఎన్నికలో కరోనా కారణంగా పోస్టల్ ఓటుకు వీలిచ్చారు. అంతకుముందు ఓటు వేయాలంటే స్వయంగా వెళ్లాల్సిందే. పోర్చుగల్‌లోని బెన్ఫికాలో సభ్యత్వం ఎన్నేళ్లుగా ఉంటే ఓట్లు అంత ఎక్కువ. రియల్ మాడ్రిడ్ అధ్యక్ష పదవికి పోటీ చేయాలంటే ఇరవై ఏళ్లుగా సోసియో అయి ఉండాలి.

నిబంధనల్లో వెతకాల్సింది ఇది: ఓటు ఆన్‌లైన్‌లోనో పోస్టులోనో వేయవచ్చా? సమావేశానికి హాజరు తప్పనిసరా? చేరిన ఎన్ని నెలలకు ఓటు వస్తుంది? హాజరు తప్పనిసరి అయితే ఆ ఓటుకు మీ లెక్కలో విలువ వేయకండి.

వచ్చే ఏడాదికి ఏం మిగులుతుంది?

ఈ పాఠం మొత్తంలో నేను మీకు గట్టిగా చెప్పదలచుకున్న ప్రశ్న ఇదే. ఈ ఏడాది కట్టి, మ్యాచ్‌కు వెళ్లకుండా ఉంటే, వచ్చే ఏడాది నా స్థానం ఏమైనా మెరుగవుతుందా?

కొన్ని క్లబ్బులు ఏళ్లు లెక్కిస్తాయి. బెన్ఫికా అలాంటిది. మెల్‌బోర్న్ క్రికెట్ క్లబ్ సభ్యత్వానికి వెయిటింగ్ లిస్టే దశాబ్దాలు పడుతుంది, పిల్లలు పుట్టగానే పేరు రాయించే తల్లిదండ్రులున్నారు. ఇలాంటి చోట్ల ఏ ఒక్క ఏడాది కట్టినదీ వృథా కాదు, తొందరగా చేరినవాళ్లకే లాభం.

కొన్ని క్లబ్బులు లెక్కించేది హాజరును. ఇంగ్లిష్ క్లబ్బుల్లో ప్రత్యర్థి మైదానంలో జరిగే మ్యాచ్ టికెట్లు ఎక్కువగా ఇంతకుముందు అలాంటి మ్యాచ్‌లకు వెళ్లినవాళ్లకే ముందుగా దక్కుతాయి. ఇంట్లో కూర్చుని పదేళ్లు ఫీజు కట్టినా ఆ వరసలో మీరు అంగుళం కదలరు. ఇలాంటి చోట నా సలహా: వెళ్లే ఏడాది మాత్రమే కట్టండి. పై లెక్కలో ఇద్దరికి ఏటా 80. నాలుగేళ్లకు ఒకసారి వెళ్లేవాళ్లు ఏటా కడుతూ పోతే 240 దేనికీ కొరగాదు. ఆటోమేటిక్ రెన్యువల్ పెట్టి ఉంటే ఈ రోజే తీసేయండి.

ప్రేమతో కట్టేది

లెక్కంతా అయ్యాక కూడా ‘అయినా సరే, కట్టాలనిపిస్తోంది’ అనేవాళ్లుంటారు. వాళ్ల మాట నేను కొట్టిపారేయను. అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు గ్రీన్ బే ప్యాకర్స్‌కు ఐదు లక్షలకు పైగా వాటాదారులున్నారు, ఆ ఊరి జనాభా కంటే నాలుగైదు రెట్లు. 2021లో కొత్తగా అమ్మిన ఒక్కో షేర్ ధర 300 డాలర్లు. డివిడెండ్ రాదు, లాభానికి అమ్ముకోలేరు, టికెట్లలో ప్రాధాన్యం లేదు. లాభం ఆశించి కొనవద్దని క్లబ్ తన పత్రంలోనే రాసింది. దక్కేది ఓటు, ఏటా జరిగే సమావేశానికి పిలుపు. ఇంత నిజాయితీగా చెప్పి తీసుకునే డబ్బు అంటే నాకు గౌరవం. ఇచ్చేవాళ్లకు ఏం ఇస్తున్నామో తెలుసు.

మీ కాగితం మీద ఇలాంటి మొత్తాన్ని టికెట్ వరసలో కలపకండి, విరాళం అని వేరే గడి గీసి రాయండి. అప్పుడు ఇంకో ప్రశ్న వస్తుంది: విరాళమే అయితే ఎవరికివ్వాలి? వందల కోట్ల ఆదాయం ఉన్న క్లబ్‌కు మీ ఫీజు కనిపించదు. 2002లో తమ క్లబ్ వేరే ఊరికి తరలిపోతుంటే అభిమానులే మొదలుపెట్టిన ఏఎఫ్‌సీ వింబుల్డన్ లాంటి చోట కనిపిస్తుంది. దాన్ని నడిపే ట్రస్టు అభిమానులదే. 2020లో పాత ప్లౌ లేన్ ప్రాంతానికి తిరిగొచ్చి కట్టుకున్న స్టేడియంలో అభిమానులు కొన్న బాండ్ల డబ్బు ఉంది. పెద్ద జట్టును టీవీలో చూస్తూ, ఆ సభ్యత్వపు డబ్బును ఇలాంటి చిన్న క్లబ్‌కు పంపడం నా దృష్టిలో మంచి ఎంపిక.

అభ్యాసం

కాగితాన్ని ఐదు వరసలు చేయండి: టికెట్, ఓటు, ఛానెల్, కానుకలు, విరాళం. ప్రతి వరసలో వచ్చే పన్నెండు నెలల్లో మీరు నిజంగా వాడబోయే దానికి విలువ వేయండి. ‘వాడొచ్చు’ అనిపించిన చోట సున్నా. మొత్తం ఫీజు కంటే తక్కువ వస్తే, ఆ లోటును విరాళం గడిలోకి తెచ్చి, ఆ అంకెను చూసి మళ్లీ నిర్ణయించుకోండి. మీ క్లబ్ లెక్కించేది ఏళ్లనా, హాజరునా, రెండూ కాదా అన్నది కాగితం కింద ఒక్క ముక్కలో రాయండి. అభిమానుల సంఘం ఏదైనా మీ దేశంలో క్లబ్ గుర్తింపుతో ఉందేమో కూడా చూసి ఉంచండి, బయెర్న్ లాంటి క్లబ్బులు అలాంటి సంఘాలకు విడిగా టికెట్లు ఇస్తాయి. నాలుగో పాఠంలో ఆ దారి గురించి, ప్రయాణం పెట్టుకున్న ఏడాదికి తేదీల పట్టిక వేసుకోవడం గురించి చూద్దాం. ఈ కాగితం అప్పుడు కావాలి, పారేయకండి.