పాత భవంతిలోని మ్యూజియం: తక్కువ ఇంధనంతో వేడి, తక్కువ నీటితో నిర్వహణ

చలిదేశాల్లో పాత భవంతులలోని మ్యూజియంలను వెచ్చగా ఉంచే బాధ్యత తీసుకున్నవారు మొదట కొనవలసింది కొత్త బాయిలరును కాదు, గదిలోని వేడినీ తేమనూ నమోదు చేసే మీటర్లను. కనీసం ఒక ఏడాది లెక్కలు చేతికి వచ్చాకే ఏ గదికి ఎంత వేడి అవసరమో తేల్చుకోవాలి.

కొయ్య సామానుకూ చిత్రపటాలకూ కావలసింది వెచ్చదనం కాదు, నిలకడైన తేమ. 5 డిగ్రీల దగ్గర 80 శాతం సాపేక్ష తేమ (ఆ వేడి దగ్గర గాలి మోయగల ఆవిరిలో ఉన్న వంతు) ఉన్న గాలిని 10 డిగ్రీలకు వేడిచేస్తే ఆ తేమ సుమారు 57 శాతానికి దిగుతుంది. అదే గాలిని మనుషుల సుఖం కోసం 20 డిగ్రీలకు తీసుకుపోతే 30 శాతానికి పడిపోయి, చెక్క పగుళ్లు తీస్తుంది, రంగు పెచ్చులూడుతుంది. అందువల్ల హీటర్లను వేడిని బట్టి పనిచేసే థర్మోస్టాట్‌కు కాక, తేమను బట్టి పనిచేసే హ్యూమిడిస్టాట్‌కు కలపాలి. బ్రిటన్‌లో చారిత్రక కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ సంస్థ తన పాత భవంతుల్లో అనుసరిస్తున్న పద్ధతి ఇదే. సందర్శకులు కొంత సణుగుతారు. కోటు విప్పవద్దని, ఎందుకు విప్పకూడదో కూడా చెబుతూ ద్వారం దగ్గర ఒక పలక పెడితే చాలామంది సర్దుకుంటారు.

ఇంత తక్కువ వేడి చాలినప్పుడు, బయటి గాలి, నేల లేదా నీటి నుంచి వేడిని తోడి లోపలికి పంపే హీట్ పంపు చక్కగా సరిపోతుంది. వేల్స్‌లోని ప్లాస్ న్యూయిడ్ భవంతి ఒకప్పుడు గడ్డు చలిరోజుల్లో 1,500 లీటర్ల దాకా నూనె కాల్చేది. 2014లో అక్కడ మెనాయ్ జలసంధి నీటి నుంచి వేడిని తోడే 300 కిలోవాట్ల పంపును అమర్చారు. పైపులను పాత పొగగొట్టాల గుండా, నేలపలకల కింది ఖాళీల గుండా నడిపితే సున్నపు గోడలను తొలచనక్కరలేదు. కిటికీ సందులు మూయవచ్చు గాని పొగగొట్టాలన్నిటినీ బిగించివేయరాదు. గాలి ఆడకపోతే గోడల్లోని తేమ లోపలే నిలిచిపోతుంది.

నీటి విషయంలో ముందుగా మ్యూజియం మూసేటప్పుడూ, మర్నాడు తెరిచేటప్పుడూ మీటరు చూడండి. రాత్రి అంకె కదిలితే ఎక్కడో కారుతున్నట్టే. 100 చదరపు మీటర్ల కప్పుపై 10 మిల్లీమీటర్ల వాన కురిస్తే నష్టాలు పోను వెయ్యి లీటర్లకు కాస్త తక్కువగా దొరుకుతుంది, దానిని మరుగుదొడ్లకూ తోటకూ వాడుకోవచ్చు. తొట్టిని పునాదికి దూరంగా ఉంచి, పొంగిన నీరు పోయే దారి కూడా చూపాలి. నీటిగొట్టాలు మాత్రం, ఎంత దగ్గరి దారి అయినా, గ్యాలరీల పైకప్పు మీదుగా వెళ్లకూడదు. గడ్డకట్టి పగిలితే నీరంతా పటాల మీదే పడుతుంది.