బల్ల మీద స్క్రూడ్రైవర్ లేకపోతే క్లబ్బు నడవదు

తెనాలిలో మా కంప్యూటర్ క్లబ్బు ఒకసారి చచ్చి బతికింది. చంపింది నేనే. మొదటి నెల పద్నాలుగు మంది వస్తే, విండోస్‌కు బదులు ఉచితంగా వేసుకోగలిగే లినక్స్ గురించి, దాని గుండెకాయ లాంటి కెర్నల్ గురించి గంటన్నర దంచాను. రెండో నెల ఐదుగురు వచ్చారు. మూడో నెల నేనూ, మాకు మేడ మీద గది ఇచ్చిన జిరాక్స్ షాపు బాబాయీ మిగిలాం. ఆయన టీ తాగుతూ, "ఏరా, వాళ్లను పిలిచింది కంప్యూటర్ చూపించడానికా, నీకెంత తెలుసో చూపించడానికా?" అన్నాడు.

ఆ నాలుగో నెల నుంచి ఉపన్యాసాలు బంద్. గది మధ్యలో బల్ల, దాని మీద పాత బెడ్‌షీటు, స్క్రూడ్రైవర్ సెట్టు, ఇడ్లీ ప్లేటు. స్క్రూలు దొర్లిపోకుండా ఉండటానికి ఇడ్లీ ప్లేటును మించింది లేదు. ఒక్కో గుంటలో ఒక్కో సైజు. కొత్తగా వచ్చినవాళ్ల చేతికి పది నిమిషాల్లోపు ఏదో ఒక పని ఇవ్వాలి. మెమరీ పట్టీ, అదే ర్యామ్, ఊడదీసి పెట్టమన్నా చాలు. చేతులు కట్టుకుని కూర్చున్నవాళ్లు మళ్లీ రారు. 1975 మార్చిలో కాలిఫోర్నియాలోని మెన్లో పార్కులో ఒక గ్యారేజీలో మొదలైన హోమ్‌బ్రూ క్లబ్బులోనూ ఇదే వరస. ఆల్టెయిర్ అనే తొలినాటి ఇంటి కంప్యూటర్‌ను ముందు పెట్టుకుని మాట్లాడుకున్నారు. ఆ తర్వాత, ఆపిల్ కంపెనీ పెట్టినవాళ్లలో ఒకడైన వోజ్నియాక్ తన ఆపిల్-1 సర్క్యూట్ బొమ్మలను అక్కడే అందరికీ ఉచితంగా పంచాడు.

తేదీ మార్చకండి. మాది రెండో శనివారం, మూడింటి నుంచి ఆరింటి దాకా. ఆ రోజు టీచర్లకు, ఆఫీసులవాళ్లకు సెలవు. ఆరింటికి ముగించాల్సిందే, లేకపోతే చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చే ఆడపిల్లలు బస్సు టెన్షన్‌తో ముందే లేచిపోతారు, ఆ పై నెల అసలు రారు. ఒక్క జనవరిలోనే చిక్కు. రెండో శనివారం ఎప్పుడూ 8కీ 14కీ మధ్యే పడుతుంది కాబట్టి సంక్రాంతి హడావుడిలో కొట్టుకుపోతుంది. ఆ నెల మాత్రం నాలుగో శనివారం పెట్టుకుంటాం.

జనాన్ని రప్పించడానికి "కంప్యూటర్ క్లబ్బులో చేరండి" అని పోస్టర్ వేస్తే ఎవడూ తలెత్తి చూడలేదు. "పాత ల్యాప్‌టాప్ నత్తలా నడుస్తోందా? పట్టుకురండి, డబ్బులక్కర్లేదు" అని వేస్తే మెట్ల మీద క్యూ కట్టారు. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ఆగిపోవడం మాకు కలిసొచ్చింది. విండోస్ 11 ఎక్కని మిషన్లు ఇంటికొకటి ఉన్నాయి. ఒకే పెన్‌డ్రైవ్ నుంచి చాలా సిస్టమ్‌లు నడిపించే వెంటాయ్ వేసిన పెన్‌డ్రైవ్‌లో మూడు నాలుగు లినక్స్ ఐఎస్ఓలు (మొత్తం సిస్టమ్ ఉన్న ఫైళ్లు) పడేసి, డిస్కు జోలికి పోకుండా ముందు పెన్‌డ్రైవ్ నుంచే లైవ్‌లో నడిపి చూపిస్తాం. వైఫై పట్టిందా, సౌండ్ వస్తోందా, ప్రింటర్ పలుకుతోందా అన్నవి అప్పుడే తేలిపోతాయి. నాలుగు జీబీ ర్యామ్ ఉన్న మిషన్‌కు పాత హార్డ్‌డిస్క్ తీసి, దానికన్నా చాలా వేగమైన ఎస్ఎస్‌డీ బిగించి లినక్స్‌లో ఒక రకమైన మింట్ వేస్తే చాలు. పవర్ నొక్కి కాఫీ కలుపుకొచ్చేవాళ్లు, కలపడానికి లేచేలోపే తెర మీద పేరు చూసి మళ్లీ కూర్చుంటారు.

ఇక్కడే నా రెండో తప్పు చెప్పాలి. రిటైరైన ఒక మాస్టారి ల్యాప్‌టాప్‌లో "ఏం లేదులే బాబూ" అన్న మాట నమ్మి ఫార్మాట్ కొట్టేశాను. కూతురి పెళ్లి ఫొటోలు అందులోనే ఉన్నాయట. చెరిగిన ఫైళ్లను వెతికి తీసే ఫొటోరెక్ వేసి రాత్రంతా కూర్చుంటే చాలావరకు దొరికాయి, కానీ ఫైళ్ల పేర్లు పోయాయి. తలంబ్రాలూ, భోజనాలూ, కరెంటు బిల్లు స్కానులూ అన్నీ అంకెల పేర్లతో కలగాపులగం. మాస్టారు పల్లెత్తు మాట అనలేదు, అదే ఎక్కువ బాధేసింది. అప్పటి నుంచి చీటీ పెట్టాం: పేరు, సమస్య, బ్యాకప్ ఎక్కడుంది, సంతకం. బ్యాకప్ లేకపోతే ముందు కాపీ తీస్తాం, ఆ తర్వాతే స్క్రూడ్రైవర్.

రిపేరు కోసం వచ్చినవాళ్లు రిపేరయ్యాక వెళ్లిపోతారు. ఆగేది తమ పనికి దారి కనిపించినవాళ్లే. ఒక డీటీపీ షాపు అక్క అలాగే ఆగింది. ఇరవై ఏళ్ల శుభలేఖలన్నీ "అను" అనే పాత తెలుగు ఫాంట్లలో ఉన్నాయి. వేరే మిషన్‌లో తెరిస్తే "శ్రీరస్తు" ఉండాల్సిన చోట పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు. అవి ఏ మిషన్‌లోనైనా తెలుగుగానే తెరుచుకునే యూనికోడ్ కాదనీ, ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టారనీ చూపించి, కన్వర్టర్‌తో నాలుగు లేఖలు మార్చాం. ఒత్తులు కొన్ని తేడా కొట్టాయి, కూర్చుని దిద్దింది. ఇప్పుడు యూనికోడ్ తెలుగు కొట్టే కీబోర్డు పద్ధతి, ఇన్‌స్క్రిప్ట్ టైపింగ్ నేర్పేది ఆవిడే.

డబ్బుల విషయం తేలిక. సభ్యత్వ రుసుం లేదు, టీకి మనిషికి ఇరవై, లెక్క కాగితం ఫొటో గ్రూపులో. ఆ గ్రూపులో గుడ్ మార్నింగ్‌లు పెడితే మాత్రం మర్యాద చూడకుండా తీసేయండి. మా మేనమామనే తీసేశాను.

ఇక గది తాళం. మూడేళ్లు నా దగ్గరే ఉంచుకున్నాను, నాకు డెంగ్యూ వస్తే రెండు నెలలు క్లబ్బు మూతపడింది. కోలుకున్నాక తాళంచెవులు రెండు చేయించి ఒకటి డీటీపీ అక్కకు, ఒకటి డిగ్రీ చదివే అమ్మాయికి ఇచ్చాను. పోయిన నెల నా ల్యాప్‌టాప్ ఫ్యాను గోల పెడుతోందని బల్ల మీద పెట్టి మూత విప్పబోయాను. ఆ అమ్మాయి చెయ్యి అడ్డం పెట్టి చీటీ నా ముందుకు జరిపింది. "అంకుల్, బ్యాకప్ ఎక్కడుంది? ముందు సంతకం పెట్టండి."